సమ్‌వన్, ఎనీవన్, నో వన్, నన్: ప్రిపొజిషన్ పక్కన ఏది పెట్టాలి?

“నాకు ఎవరి నుంచీ ఫోన్ రాలేదు.” ఈ చిన్న మాటను ఇంగ్లిష్‌లో చెప్పమంటే చాలామంది ఒకే చోట ఆగిపోతారు. “ఫ్రమ్” దాకా బాగానే వస్తుంది, ఆ తర్వాత ఏం పెట్టాలో తెలీదు. సమ్‌వన్ పెట్టాలా, ఎనీవన్ పెట్టాలా, నో వన్ పెట్టాలా, లేక నన్ సరిపోతుందా? స్కూల్లో వీటిని ఇండెఫినిట్ ప్రొనౌన్లు అని ఒక జాబితాగా బట్టీ పట్టించారు. కానీ టు, విత్, ఫర్, ఫ్రమ్, ఆఫ్, వితౌట్ లాంటి ప్రిపొజిషన్ల పక్కన ఏది నప్పుతుందో ఆ జాబితా చెప్పదు.

నా ఉద్దేశంలో ఈ ఎంపికలో సగానికి పైగా మన తెలుగే చేసిపెడుతుంది. ఎవరితోనో, ఎవరితోనైనా, ఎవరితోనూ, అందరితో అని మనం రోజూ ఆలోచించకుండానే తేడా చూపిస్తున్నాం. అదే తెలుగు నాలుగైదు చోట్ల మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. ఆ చోట్లు తెలుసుకుంటే మిగతాదానికి టెన్షన్ అక్కర్లేదు.

## ముందు చూసుకోవాల్సినవి

ప్రొనౌన్ ఎంచుకునే ముందు వాక్యాన్ని మూడు రకాలుగా చూడాలి. మొదటిది, అందులో “లేదు, కాదు” అనే అర్థం ఉందా, ఉంటే అది ప్రొనౌన్‌కి ముందు వస్తోందా, తర్వాతా? రెండోది, ఒక గుంపును పట్టుకుని “వాళ్లలో, మాలో, ఈ పుస్తకాల్లో” అంటున్నామా, లేక గుంపు ఊసు లేకుండా ఊరికే “ఎవరో” అంటున్నామా? మూడోది, ఆ గుంపులో ఇద్దరే ఉన్నారా, ఎక్కువమందా?

సమ్‌వన్ మంచిదా, సమ్‌బడీ మంచిదా అన్న దాని మీద బుర్ర పాడుచేసుకోకండి. అర్థంలో తేడా లేదు. రాతలో “వన్”తో ముగిసేవి కాస్త ఎక్కువగా కనిపిస్తాయి, మాటల్లో “బడీ”తో ముగిసేవి కాస్త చనువుగా వినిపిస్తాయి, అంతే. నో వన్‌ని మాత్రం రెండు మాటలుగా విడదీసి రాయాలి. మిగతావన్నీ కలిపే.

## తెలుగు చివరి అక్షరం చెప్పే జవాబు

| తెలుగులో | ఇంగ్లిష్‌లో | అర్థం |
|---|---|---|
| ఎవరితోనో, దేనికోసమో | విత్ సమ్‌వన్, ఫర్ సమ్‌థింగ్ | ఒకరున్నారు, ఒకటుంది. ఎవరో ఏదో చెప్పడం లేదు |
| ఎవరితోనైనా, దేనికైనా | ఎక్కువసార్లు విత్ ఎనీవన్, ఫర్ ఎనీథింగ్ | ప్రశ్న, షరతు, లేదా “ఎవరైనా సరే” |
| ఎవరితోనూ, దేనికీ, చివర “లేదు” | నాట్ పెట్టి విత్ ఎనీవన్, లేదా నాట్ లేకుండా విత్ నో వన్ | ఒక్కరూ లేరు |
| అందరితో, అన్నిటికీ | విత్ ఎవ్రీవన్, ఫర్ ఎవ్రీథింగ్ | ఎవరినీ, దేన్నీ వదల్లేదు |

చివరి వరస గురించి ఒక మాట. “ఐ స్పోక్ విత్ ఆల్” అని మనవాళ్లు తరచుగా అంటారు. తెలుగులో “అందరితో” ఒకే మాట కాబట్టి ఆల్ ఒక్కటే చాలనిపిస్తుంది. కానీ మామూలు మాటల్లో ఆల్ ఒంటరిగా నిలబడదు. “విత్ ఎవ్రీవన్” అనాలి, లేదా “విత్ ఆల్ ఆఫ్ దెమ్” అనాలి. ఒంటరి ఆల్ “థాంక్స్ టు ఆల్” లాంటి పలకరింపుల్లోనూ, “ఫస్ట్ ఆఫ్ ఆల్, ఆఫ్టర్ ఆల్, ఎబవ్ ఆల్” లాంటి పాత జంటల్లోనూ చెల్లుతుంది.

## “ఎవరికైనా” దగ్గర ఒక్క క్షణం ఆగండి

పట్టికలో రెండో వరసలో “ఎక్కువసార్లు” అని రాయడానికి కారణం ఉంది. “ఐనా” ఉంటే ఎనీ అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతాం, కానీ పూర్తిగా కాదు. ఒకే “ఎవరికైనా”ని నాలుగు సందర్భాల్లో పెట్టి చూద్దాం.

“ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?” ఇది మామూలు ప్రశ్న, జవాబు అవును కావచ్చు, కాదు కావచ్చు. “డిడ్ యు స్పీక్ టు ఎనీవన్ అబౌట్ దిస్?” ఇక్కడ సమ్‌వన్ పెడితే తప్పు కాదు గానీ, “చెప్పే ఉంటావులే” అన్న అనుమానం తొంగిచూస్తుంది.

“ఎవరికైనా చెప్పావో, చూడు!” ఇది బెదిరింపు. ఇంగ్లిష్‌లో ఇఫ్ వస్తుంది, దాని వెంట ఎనీ వస్తుంది: “ఇఫ్ యు టాక్ టు ఎనీవన్ అబౌట్ దిస్...”

“ఆ కౌంటర్లో ఎవరికైనా ఇవ్వొచ్చు, పర్లేదు.” ఎవరైనా ఒకటే అన్న అర్థం. “యు కెన్ గివ్ ఇట్ టు ఎనీవన్ ఎట్ ద కౌంటర్.” ఇక్కడ ఎనీ తప్ప మరోటి కుదరదు.

“నీలో నువ్వే కుమిలిపోకు, ఎవరికైనా చెప్పుకో.” ఇక్కడే బోల్తా పడతాం. “టాక్ టు ఎనీవన్” అంటే “ఎవడో ఒకడు, దారిన పోయేవాడైనా సరే” అన్నట్టుంటుంది. మనం చెప్పదలచింది “నమ్మకస్తుడు ఒకరున్నారు కదా, వాళ్లకి చెప్పు” అని. కాబట్టి “టాక్ టు సమ్‌వన్.” సలహా ఇచ్చేటప్పుడు, సాయం అడిగేటప్పుడు, ఏదైనా తినమని తాగమని అడిగేటప్పుడు తెలుగు “ఐనా”కి సమ్ సరిపోతుంది. “కాఫీతో పాటు ఏమైనా తీసుకుంటారా?” అంటే “వుడ్ యు లైక్ సమ్‌థింగ్ విత్ యువర్ కాఫీ?” అది ప్రశ్నే అయినా, తీసుకోవాలని మన కోరిక కాబట్టి సమ్.

జరిగిపోయిన ఒక పని గురించి “లేదు” లేకుండా చెప్పేటప్పుడు ఎనీ వాడకండి. “ఎవరికో ఇచ్చేశాడు” అనడానికి “హి గేవ్ ఇట్ టు ఎనీవన్” చెల్లదు. ఇచ్చింది ఒకరికే, కాబట్టి “టు సమ్‌వన్.”

## “నాట్” ఎనీ కంటే ముందుండాలి

ఇప్పుడు మొదటి వాక్యానికి వద్దాం. తెలుగు వరసలోనే ఇంగ్లిష్ చేస్తే “ఫ్రమ్ ఎనీవన్ ఐ డిడంట్ గెట్ ఎ కాల్” అని వస్తుంది. మాటలన్నీ సరైనవే, వాక్యం మాత్రం తప్పు. తెలుగులో “లేదు” ఎప్పుడూ చివరే ఉంటుంది కాబట్టి, “ఎవరి నుంచీ” ముందే వచ్చేసినా మనకి ఇబ్బంది లేదు. వినేవాడు చివరిదాకా ఆగుతాడు. ఇంగ్లిష్‌లో నాట్ అర్థం ముందు వస్తేనే దాని వెనక ఎనీ నిలబడుతుంది. అందుకే “ఐ డిడంట్ గెట్ ఎ కాల్ ఫ్రమ్ ఎనీవన్.”

ఇదే కారణంగా “ఎనీవన్ డిడంట్ కమ్” కూడా చెల్లదు. ముందు చోటు ఖాళీ లేనప్పుడు కాదనే పని ప్రొనౌనే మోయాలి: “నో వన్ కేమ్.”

రెండు దారులున్నప్పుడు ఏది ఎంచుకోవాలి? “ఐ డిడంట్ టాక్ టు ఎనీవన్” అన్నది మామూలు మాట. “ఐ టాక్డ్ టు నో వన్” అన్నది నొక్కి చెప్పడం, “ఒక్కరితో కూడా మాట్లాడలేదు, గుర్తుంచుకో” అన్నట్టు. రోజువారీ మాటల్లో మొదటిదే పదికి తొమ్మిదిసార్లు సరిపోతుంది. రెండూ కలిపి “ఐ డిడంట్ టాక్ టు నో వన్” అనడమే ప్రమాదం. “ఎవరితోనూ మాట్లాడలేదు”లో తెలుగు రెండు చోట్ల కాదన్నట్టు కనిపిస్తుంది గనుక ఈ పొరపాటు సహజంగానే వస్తుంది. ఇంగ్లిష్ వాళ్ల కొన్ని మాండలికాల్లో ఈ వాడుక ఉంది, పాటల్లో కూడా వినిపిస్తుంది. పరీక్షలోనూ మెయిల్లోనూ మాత్రం తప్పే.

నాట్ కనబడకపోయినా లోపల “కాదు” దాచుకున్న మాటలు కొన్నున్నాయి. వితౌట్ అందులో ముఖ్యమైనది. “ఎవరి సాయం లేకుండా” అంటే “వితౌట్ ఎనీవన్స్ హెల్ప్”. వితౌట్ పక్కన నో వన్ పెట్టకూడదు. హార్డ్‌లీ, రిఫ్యూజ్, టూ కూడా అంతే. “హి రిఫ్యూజ్డ్ టు స్పీక్ టు ఎనీవన్.” “షి వాజ్ టూ టైర్డ్ టు టాక్ టు ఎనీవన్.”

ఇక “అందరూ”తో “లేదు” కలిస్తే మరో చిక్కు. “అందరికీ చెప్పలేదు” అంటే తెలుగులో కొందరికి చెప్పామనే అర్థం. ఇంగ్లిష్‌లో “ఐ డిడంట్ సెండ్ ఇట్ టు ఎవ్రీవన్” అన్నా అదే. కానీ “ఆల్ ఆఫ్ దెమ్ డిడంట్ కమ్” అంటే కొందరే రాలేదా, ఒక్కరూ రాలేదా తేలదు. ఒక్కరూ రాకపోతే “నన్ ఆఫ్ దెమ్ కేమ్” అనండి, కొందరే రాకపోతే “నాట్ ఆల్ ఆఫ్ దెమ్ కేమ్” అనండి.

## “ఆఫ్” వచ్చిందంటే లెక్క మారుతుంది

మన తెలుగు “లో” ఒకే పని చేస్తుంది: వాళ్లలో ఒకరు, ఆఫీసులో ఒకరు. ఇంగ్లిష్‌లో ఆ రెండిటికీ ప్రొనౌన్ వేరు. గుంపు లోంచి కొందరిని విడదీసే “ఆఫ్” ముందు సమ్‌వన్, ఎనీవన్, ఎవ్రీవన్, నో వన్ రావు. వాటి స్థానంలో వేరేవి వస్తాయి.

| చెప్పదలచింది | “ఆఫ్”తో | ఇన్, ఫ్రమ్, ఎట్, అమాంగ్‌తో |
|---|---|---|
| ఒకరు | వన్ ఆఫ్ దెమ్ | సమ్‌వన్ ఇన్ ద ఆఫీస్ |
| ఎవరైనా | ఎనీ ఆఫ్ యు, ఎనీ వన్ ఆఫ్ యు | ఎనీవన్ అమాంగ్ యు |
| అందరూ | ఆల్ ఆఫ్ అస్, ఎవ్రీ వన్ ఆఫ్ అస్ | ఎవ్రీవన్ ఎట్ హోమ్ |
| ఒక్కరూ కాదు | నన్ ఆఫ్ అస్ | నో వన్ ఫ్రమ్ అవర్ విలేజ్ |

“సమ్‌వన్ ఆఫ్ దెమ్”, “నోబడీ ఆఫ్ అస్”, “ఎవ్రీబడీ ఆఫ్ యు” అని విన్నప్పుడు ఏదో తేడాగా అనిపించడానికి కారణం ఇదే. రెండో వరసలో ఎనీ వన్ విడివిడిగా ఉండటం గమనించారా? ప్రశ్నపత్రంలో “కింది వాటిలో ఏదైనా ఒకదానికి జవాబు రాయండి” అని ఉంటుంది కదా, “ఎనీ వన్ ఆఫ్ ద ఫాలోయింగ్” అంటే అదే. పలికేటప్పుడు “వన్”ని ఒత్తి పలుకుతాం. మనుషులకే పరిమితమైన ఎనీవన్ కలిపి రాసేది. ఎవ్రీ వన్, ఎవ్రీవన్‌ల మధ్య కూడా ఇదే తేడా.

ఒక మినహాయింపు. ఆ ఆఫ్ గుంపును కాకుండా గుణాన్ని చెబితే సమ్‌వన్ హాయిగా వస్తుంది: “సమ్‌వన్ ఆఫ్ యువర్ ఏజ్”, “ఎనీథింగ్ ఆఫ్ వాల్యూ.”

ఆఫ్ తర్వాత ఏం రావాలన్నది ఇంకో సంగతి. ద, మై, దీజ్ లాంటిది, లేదా అస్, దెమ్ లాంటిది తప్పనిసరిగా ఉండాలి. “సమ్ ఆఫ్ స్టూడెంట్స్” కాదు, “సమ్ ఆఫ్ ద స్టూడెంట్స్” అనాలి, లేదంటే ఆఫ్ తీసేసి “సమ్ స్టూడెంట్స్” అనాలి. మన దగ్గర బాగా అలవాటైన “మోస్ట్ ఆఫ్ ద పీపుల్ థింక్” కూడా చాలాచోట్ల అనవసరపు బరువు. జనరల్‌గా జనం గురించైతే “మోస్ట్ పీపుల్” చాలు. ఆ మీటింగ్‌కొచ్చిన జనం అన్నట్టు ఒక ఫలానా గుంపు ఉంటేనే “మోస్ట్ ఆఫ్ ద పీపుల్”. ఇక “వన్ ఆఫ్ మై ఫ్రెండ్” అన్నది ఇంటర్వ్యూల్లో చెవికి బాగా తగిలే పొరపాటు. ఒకరిని తీయాలంటే అక్కడ నలుగురుండాలి కదా, కాబట్టి “ఫ్రెండ్స్”.

ఈచ్‌కీ ఎవ్రీకీ మధ్య తేడా కూడా ఇక్కడే బయటపడుతుంది. “ఎవ్రీ ఆఫ్ దెమ్” లేదు. ఎవ్రీ ఒంటరిగా నిలబడలేదు, పక్కన వన్ కావాలి. ఈచ్‌కి ఆ అవసరం లేదు: “ఎ పెన్ ఫర్ ఈచ్ ఆఫ్ దెమ్.” ఒక్కొక్కరికీ విడివిడిగా పంచుతున్నామంటే ఈచ్ మేలు. అందరినీ ఒకే ముద్దగా చూస్తే ఆల్. “ఒక్కరినీ వదల్లేదు సుమా” అని గట్టిగా చెప్పాలంటే ఎవ్రీ వన్ ఆఫ్.

నన్ కాస్త ప్రత్యేకం. ఆఫ్‌తో అది రోజువారీ మాట. ఆఫ్ లేకుండా ప్రిపొజిషన్ తర్వాత ఒంటరిగా వస్తే మాత్రం ఉపన్యాసంలా వినిపిస్తుంది. 1865 మార్చి 4న లింకన్ రెండోసారి ప్రమాణస్వీకారం చేసినప్పుడు అన్న “విత్ మాలిస్ టువార్డ్ నన్, విత్ చారిటీ ఫర్ ఆల్” అందుకు మంచి ఉదాహరణ. ఎవరి మీదా ద్వేషం లేకుండా, అందరి మీదా దయతో అని. ఒంటరి నన్, ఒంటరి ఆల్ ఎదురెదురుగా నిలబడి ఆ మాటకి బరువు తెచ్చాయి. అదే వాడుక ఆఫీసు చాట్‌లో పెడితే నవ్వుతారు. “సెకండ్ టు నన్” ఒక్కటి మాత్రం నానుడిగా మిగిలింది.

## ఇద్దరే ఉంటే

త్వరగా చెప్పేస్తాను. ఇద్దరిలో ఎవరైనా అంటే ఐదర్ ఆఫ్, ఇద్దరూ అంటే బోత్ ఆఫ్, ఇద్దరూ కాదంటే నైదర్ ఆఫ్. ముగ్గురు, అంతకంటే ఎక్కువైతే ఎనీ, ఆల్, నన్. తప్పు జరిగేది ఒక్కచోటే. “నాకు వాళ్లిద్దరూ తెలీదు” అనడానికి “ఐ డోంట్ నో బోత్ ఆఫ్ దెమ్” అంటాం. వినేవాడికి “ఒకరు తెలుసేమో” అనిపిస్తుంది. “ఐ డోంట్ నో ఐదర్ ఆఫ్ దెమ్” అనాలి.

ఒకరితో ఒకరు అనే ఈచ్ అదర్ దగ్గర ప్రిపొజిషన్ ఎగిరిపోతుంటుంది. “దే డోంట్ టాక్ ఈచ్ అదర్” కాదు, “టు ఈచ్ అదర్.”

## చివర్లో మిగిలిపోయే ప్రిపొజిషన్

“మాట్లాడటానికి ఎవరూ లేరు.” ఈ తెలుగు వాక్యంలో “తో” ఎక్కడుంది? లేదు. మాట్లాడటం ఎవరితోనో జరగాలని మనకి తెలుసు కాబట్టి చెప్పనక్కర్లేదు. ఇంగ్లిష్ మాత్రం ఆ “తో”ని వదలనివ్వదు: “ఐ హావ్ నో వన్ టు టాక్ టు.” ఆ చివరి “టు” ఎగరగొట్టడం తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో అన్నిటికంటే మొండి అలవాటని నా అభిప్రాయం. ఎంత బాగా మాట్లాడేవాళ్లలోనూ కనిపిస్తుంది.

“రాసుకోడానికి ఏమైనా ఇవ్వు” అంటే మనం పెన్ను అడుగుతున్నామో కాగితం అడుగుతున్నామో ఎదుటివాడు మన చేతిలో ఏముందో చూసి తెలుసుకుంటాడు. ఇంగ్లిష్‌లో ఆ పని ప్రిపొజిషన్‌దే. పెన్ను కావాలంటే “సమ్‌థింగ్ టు రైట్ విత్”, కాగితం కావాలంటే “సమ్‌థింగ్ టు రైట్ ఆన్”. కూర్చోడానికి ఏమీ లేదంటే “నథింగ్ టు సిట్ ఆన్”. భయపడాల్సిందేమీ లేదంటే “నథింగ్ టు బి అఫ్రెయిడ్ ఆఫ్”. సరిచూసుకోవాలంటే వాక్యాన్ని తిరగేయండి. సిట్ ఆన్ ఎ చైర్ అంటాం కదా, ఆ ఆన్ చివర్లో ఉందా అని చూసుకుంటే సరి.

## “బట్”తో నాలుగు జంటలు

ఇక్కడ బట్ అంటే “కానీ” కాదు, “తప్ప”. “ఎవ్రీవన్ బట్ హిమ్” అంటే అతను తప్ప అందరూ. “నథింగ్ బట్ ట్రబుల్” అంటే తలనొప్పి తప్ప మరేం కాదు. ఈ రెండూ తెలుగుకి దగ్గరే. మిగతా రెండూ ఎదురు తిరుగుతాయి. “ద పేపర్ వాజ్ ఎనీథింగ్ బట్ ఈజీ” అంటే పేపర్ అసలు సులువుగా లేదని. “ద వర్క్ ఈజ్ ఆల్ బట్ ఫినిష్డ్” అంటే దాదాపు అయిపోయిందని, అవలేదని కాదు. రీడింగ్ పాసేజ్‌లో ఈ రెండిటి దగ్గర మార్కులు పోతుంటాయి.

## ఎవరికి ఏది

మాట్లాడటమే ముఖ్యమైతే: నాట్ ముందు పెట్టి, ప్రిపొజిషన్, ఎనీవన్ లేదా ఎనీథింగ్ చివర పెట్టే పద్ధతి ఒక్కటి నోటికి పట్టించండి. నో వన్, నన్, నైదర్‌తో వాక్యం మొదలుపెట్టడం అందంగా ఉంటుంది, కానీ మొదట్లో నోరు తిరగక మధ్యలో ఇంకో నాట్ దూరిపోతుంది. కాస్త చప్పగా ఉన్నా తప్పు లేని వాక్యమే మేలు.

ఆఫీసు మెయిల్ అయితే: పలకరింపులో “హలో ఎవ్రీవన్”, “డియర్ ఆల్” రెండూ నడుస్తాయి, మొదటిది కాస్త స్నేహంగా ఉంటుంది. కింద రెండు పేర్లుంటే “రీచ్ అవుట్ టు ఐదర్ ఆఫ్ అస్”, మూడుంటే “టు ఎనీ ఆఫ్ అస్.” పని అప్పగించేటప్పుడు మాత్రం ఈ ప్రొనౌన్లన్నిటినీ పక్కన పెట్టమంటాను. “కెన్ సమ్‌వన్ లుక్ ఇన్‌టు దిస్?” అని పన్నెండుమందికి పంపితే ఆ సమ్‌వన్ తాను కాదని పన్నెండుమందీ అనుకుంటారు. పేరు రాయండి.

పోటీ పరీక్ష అయితే: వాడుక కంటే పాత రూల్సే కాపాడతాయి. ఆఫ్ తర్వాతి బహువచనం చూసి వెర్బ్ మార్చకండి: “ఈచ్ ఆఫ్ ద బాయ్స్ హ్యాజ్”, “వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్”. సమ్, ఎనీ, నన్, ఆల్, మోస్ట్ ఐదింటికి మాత్రం ఆఫ్ తర్వాత ఏముందో చూడాలి: “ఆల్ ఆఫ్ ద వాటర్ ఈజ్”, “ఆల్ ఆఫ్ ద బుక్స్ ఆర్”. “నన్ ఆఫ్ దెమ్” తర్వాత ఈజ్, ఆర్ రెండూ పాత ఇంగ్లిష్ కాలం నుంచే వాడుకలో ఉన్నాయి; పరీక్షలో రెండూ ఆప్షన్లుగా కనిపిస్తే పాత గ్రామర్ పుస్తకాల వాళ్లు ఈజ్ వైపే మొగ్గుతారు. ఇద్దరికి ఈచ్ అదర్, ఎక్కువమందికి వన్ అనదర్ అన్న తేడాను ఇంగ్లిష్ వాళ్లే పెద్దగా పాటించరు. అయినా ప్రశ్న వస్తే అదే జవాబు పెట్టండి.

పోలికల్లో దన్ పక్కన ఎనీ వస్తే ఇంకో మాట కావాలి. “హైదరాబాద్ ఈజ్ బిగ్గర్ దన్ ఎనీ సిటీ ఇన్ తెలంగాణ” తప్పు, “ఎనీ అదర్ సిటీ” ఒప్పు. హైదరాబాద్ కూడా తెలంగాణలోనే ఉంది కాబట్టి, అదర్ లేకపోతే అది తనకంటే తానే పెద్దదైపోతుంది. అదే “దన్ ఎనీ సిటీ ఇన్ కేరళ” అయితే అదర్ పెట్టకూడదు. మనుషుల దగ్గర అదర్ స్థానంలో ఎల్స్ వస్తుంది, అదీ ప్రొనౌన్ తర్వాతే: “షి సింగ్స్ బెటర్ దన్ ఎనీవన్ ఎల్స్ ఇన్ ద క్లాస్.”